ఎవరి డబ్బుతో ఆడారు? అమెరికా మహిళల పూల్ టూర్ ఎలా చితికింది

2001లో అమెరికా మహిళల ప్రొఫెషనల్ పూల్ (బల్ల మీద కర్రతో బంతుల్ని పాకెట్లలో వేసే ఆట) టూర్‌లో ఆరు టోర్నమెంట్లు జరిగాయి. ఆరూ కరెన్ కార్ గెలిచారు. ఉత్తర ఐర్లాండ్‌లో పుట్టి, పూల్‌లాంటిదే అయిన స్నూకర్‌లో ఆరితేరి, పూల్ కోసం అట్లాంటిక్ దాటి వచ్చిన క్రీడాకారిణి ఆమె. ఈ సంగతి చెప్పేవాళ్లు ఆమె గెలుపుల్నే తలుచుకుంటారు. నాకు మాత్రం ఆ ఆరు అన్న అంకె దగ్గరే మనసు ఆగిపోతుంది. ఏడాదికి ఆరు టోర్నమెంట్లంటే రెండు నెలలకొకటి. ఒకటి ముగిశాక ఇంటికొచ్చి, సాధన చేసుకుని, మళ్లీ పెట్టె సర్దుకోవడానికి సరిపోయే వ్యవధి. దాన్ని వృత్తి అనుకోవచ్చు. ఆ తర్వాత పదేళ్లు తిరిగేసరికి టోర్నమెంట్లు ఏడాదికి ఒకటి రెండుకి పడిపోయిన రోజులొచ్చాయి. అప్పుడు దాన్ని వృత్తి అనుకోవడానికి వీల్లేకుండా పోయింది.

ఎందుకిలా అయిందని అడిగితే చటుక్కున వచ్చే జవాబులు రెండు: జనానికి ఆసక్తి పోయింది, ఆటలో పస తగ్గింది. రెండూ తప్పే. అమెరికాలో పూల్ ఆడేవాళ్లు ఇప్పటికీ లక్షల్లో ఉన్నారు. మహిళల ఆట స్థాయి ఇరవై ఏళ్ల కిందటికన్నా పెరిగింది. తేడా వచ్చింది డబ్బు దగ్గర. ఆ టూర్ నడిచిన డబ్బు ఎన్నడూ ప్రేక్షకుల జేబులోంచి రాలేదు. టీవీ, కాసినోలు, టేబుళ్లూ క్యూలనే ఆట కర్రలూ తయారుచేసే కంపెనీలు, ఈ ముగ్గురి అవసరం మీద అది నిలబడింది. వాళ్ల అవసరం తీరిపోయిన రోజున కింద పట్టుకోవడానికి ఇంకేమీ లేకపోయింది.

ముందు ఆట గురించి నాలుగు మాటలు. క్యారమ్ బోర్డు చుట్టూ పెరిగినవాళ్లకి పూల్ కొత్తేమీ కాదు. స్ట్రైకర్ బదులు తెల్లబంతి, వేలి బదులు క్యూ. టీవీలో మహిళలు ఆడింది నైన్-బాల్. టేబుల్ మీద ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలేసిన బంతులుంటాయి. తెల్లబంతి ప్రతిసారీ మిగిలినవాటిలో చిన్న అంకె బంతికే ముందు తగలాలి. తొమ్మిదో బంతిని పాకెట్లో వేసినవాళ్లదే ఆ ర్యాక్, అంటే ఆ రౌండు. బంతి రెండుంపావు అంగుళాలు, పాకెట్ నోరు దానికి సుమారు రెట్టింపు. చూసేవాళ్లు లోపలికెళ్లిన బంతిని చూస్తారు. ఆడేవాళ్లు మాత్రం తెల్లబంతి ఎక్కడ ఆగిందో చూస్తారు. మూడో బంతి వేస్తూనే నాలుగుకి, ఐదుకి దారి వేసుకోవాలి. తెల్లబంతి జానెడు దూరం ఎక్కువ దొర్లినా తర్వాతి బంతి చాటుకెళ్లిపోతుంది, వంతు ఎదుటివాళ్లకి పోతుంది. ఒక ర్యాక్ నాలుగైదు నిమిషాల్లో తేలిపోతుంది. వంద, నూటయాభై పాయింట్ల దాకా గంటలకొద్దీ సాగే పాత స్ట్రెయిట్ పూల్‌తో పోలిస్తే ఇది టీవీ కోసమే పుట్టినట్టుంటుంది.

మహిళల ప్రొఫెషనల్ సంఘం డబ్ల్యూపీబీఏ 1976లో మొదలైంది. అప్పటికే ఈ ఆటకి ఒక మహా క్రీడాకారిణి ఉన్నారు. ఆమె గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగిన చాలా విషయాల మూలాలు ఆమె కథలో కనిపిస్తాయి. జీన్ బలూకస్ 1959లో బ్రూక్లిన్‌లో పుట్టారు. ఇంట్లోవాళ్లకే పూల్ హాల్ ఉండేది. ఆరేళ్ల వయసులో న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో జనం ముందు ఆడిన పిల్ల. తొమ్మిదేళ్లకే పెద్దవాళ్ల పూల్ యూఎస్ ఓపెన్ బరిలో దిగారు. 1972లో, పదమూడో ఏట, ఆ టైటిల్ గెలిచారు. 1978 దాకా వరసగా ఏడుసార్లు దాన్ని ఎవరికీ వదల్లేదు. మగవాళ్ల టోర్నమెంట్లలోనూ ఆడి, పేరున్న ఆటగాళ్లని ఓడించారు. 1985లో అమెరికా బిలియర్డ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. ఆమెకి ముందు ఆ గౌరవం అందుకున్న మహిళ డొరోతీ వైజ్ ఒక్కరే.

1972 అనగానే నాకు ఇంకో సంగతి గుర్తొస్తుంది. కేంద్ర ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థల్లో ఆడపిల్లలపట్ల వివక్ష చూపకూడదన్న అమెరికా చట్టం, టైటిల్ నైన్, వచ్చింది ఆ ఏడాదే. బాస్కెట్‌బాల్, సాకర్, గోల్ఫ్, టెన్నిస్ ఆడే అమ్మాయిలకి ఆ చట్టం కాలేజీ తలుపులు తెరిచింది. స్కాలర్‌షిప్పులు, కోచ్‌లు, మైదానాలు సమకూరాయి. అమెరికా మహిళల సాకర్ జట్టు బలం వెనక ఉన్నది ఆ ఏర్పాటే. పూల్ కాలేజీ క్రీడల జాబితాలో లేదు. కాబట్టి పదమూడేళ్ల బలూకస్‌లాంటి అమ్మాయి మరొకరు తయారవ్వాలంటే ఇంట్లోనే పూల్ హాల్ ఉండాలి, లేదా తండ్రో అన్నో వెంటపెట్టుకుని తీసుకెళ్లాలి. ఆటలోకి వచ్చే దారి అంత సన్నగానే మిగిలిపోయింది.

బలూకస్ 1988లో ఆట వదిలేశారు. అంతకుముందు నుంచే ఆటగత్తెలు ఎలాంటి బట్టలు వేసుకోవాలన్న నిబంధనల మీద సంఘంతో ఆమెకి పేచీ ఉంది. చివరికి ఒక మ్యాచ్‌లో జరిగిన మాటామాటా మీద సంఘం క్రమశిక్షణ చర్య తీసుకుంది. ఆమె ఒప్పుకోలేదు. ముప్పై నిండకుండానే బయటికి నడిచి, మళ్లీ పోటీల వైపు చూడలేదు. తన అత్యుత్తమ క్రీడాకారిణిని ఒక సంఘం ఇలా పోగొట్టుకోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కానీ సంఘం వైపు నుంచి చూస్తే ఆ పట్టుదలకీ ఒక కారణం కనిపిస్తుంది. పూల్ హాలంటే సిగరెట్ పొగ, పందేలు, తాగుడు అన్న ముద్ర ఉన్న కాలం అది. తమ ఆట మర్యాదస్తుల ఆటేనని స్పాన్సర్లని నమ్మించాలి. బట్టలూ ప్రవర్తనా నిబంధనలూ ఆ నమ్మకం కోసమే పుట్టాయి. నిజానికి ఆ క్రమశిక్షణే తర్వాత వాళ్లకి టీవీని తెచ్చిపెట్టింది.

1993లో డబ్ల్యూపీబీఏ మగవాళ్ల టూర్‌తో తెగతెంపులు చేసుకుని సొంతంగా క్లాసిక్ టూర్ పెట్టుకుంది. మంచి సాహసం. మగవాళ్ల వైపు ఒకరికొకరు పడని సంఘాలు, నిర్వాహకులు. ఇటు ఒకే సంఘం, ఒకే ర్యాంకింగ్, ఇచ్చిన సమయానికి తయారై వచ్చే ఆటగత్తెలు. టీవీ వాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి? ఈఎస్‌పీఎన్ కి అప్పుడు ఇరవైనాలుగు గంటలూ నింపాల్సిన చానళ్లున్నాయి. ఫుట్‌బాల్, బేస్‌బాల్ హక్కులు ఖరీదు. ఒక హాలు, ఒక టేబుల్, నాలుగు కెమెరాలతో తేలిపోయే నైన్-బాల్ చవక. పైగా రికార్డు చేసిన మ్యాచ్‌ని ఏడాది పొడవునా మళ్లీ మళ్లీ వేసుకోవచ్చు. తొంభైల్లో అమెరికాలో టీవీ పెట్టిన ఎవరికైనా మధ్యాహ్నం పూటో అర్ధరాత్రో మహిళల పూల్ కంటపడేది.

జెనెట్ లీ అలాగే ఇంటింటికీ తెలిశారు. 1971లో బ్రూక్లిన్‌లో కొరియన్ కుటుంబంలో పుట్టారు. పదమూడేళ్లకే వెన్నెముక వంకర తిరిగే జబ్బు బయటపడింది, వెన్నులో లోహపు కడ్డీ వేయాల్సివచ్చింది. పద్దెనిమిదేళ్లప్పుడు మన్‌హటన్‌లోని చెల్సీ బిలియర్డ్స్‌లో అడుగుపెట్టి, ఆ ఆటని వదల్లేకపోయారు. పూల్‌లో క్యూ మీదికి నడుం వంచి, గడ్డం ఆనించినంత కిందికి దిగి గురి చూడాలి. ఒక్కో మ్యాచ్‌లో ఎన్నోసార్లు అలా వంగాలి. కడ్డీ ఉన్న వెన్నుతో ఆ పని చేస్తూ కొన్నేళ్లలోనే ప్రపంచ నంబర్ వన్ అయ్యారు. నల్ల బట్టలు, చేతికి నల్ల గ్లవ్, బ్లాక్ విడో అన్న పేరు. 2001లో జపాన్‌లోని అకితాలో జరిగిన వరల్డ్ గేమ్స్‌లో స్వర్ణం గెలిచారు. పూల్ అంటే ఏమిటో తెలియని అమెరికన్లకి కూడా ఆమె ముఖం తెలిసింది.

ఆమెతోపాటు ఎవా మటాయా లారెన్స్, లోరీ జాన్ జోన్స్, టెక్సస్ నుంచి వివియన్ విల్లారియల్. 1995లో ఇంగ్లండ్ నుంచి ఆలిసన్ ఫిషర్ వచ్చారు. మహిళల స్నూకర్‌లో ఏడుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయినా అక్కడ బతుకుతెరువు లేక వచ్చిన మనిషి. వచ్చీ రాగానే గెలవడం మొదలుపెట్టి యాభైకి పైగా డబ్ల్యూపీబీఏ టైటిళ్లు పోగుచేశారు. కరెన్ కార్ రాకకీ, 2003 ప్రాంతంలో బ్రిటన్‌లో మహిళల స్నూకర్‌కి సంస్థల చేయూత తగ్గాక కెల్లీ ఫిషర్ రాకకీ కారణం అదే. ప్రపంచంలో క్యూ పట్టి బతకాలనుకున్న ఆడవాళ్లకి ఆ రోజుల్లో అమెరికా ఒక్కటే దిక్కు. ఈ మాట గుర్తుంచుకోవాలి, తర్వాత ఇదే తిరగబడింది.

ఇక డబ్బు సంగతి. టెన్నిస్‌లో ప్రేక్షకుడు టికెట్ కొంటాడు, టీవీ కంపెనీ ప్రసార హక్కులకి పోటీపడి చెల్లిస్తుంది. పూల్‌లో ఈ రెండూ దాదాపు లేవు. ఒక టేబుల్ చుట్టూ ఎంతమంది కూర్చోగలరు? కొన్ని వందలమంది. అంతకు మించితే పైవరసలో ఉన్నవాళ్లకి బంతి మీద అంకె కనిపించదు. ఇక టీవీ దగ్గర లెక్క తలకిందులుగా ఉండేది. అమెరికాలో చిన్న ఆటలకి చానల్ డబ్బివ్వదు, కార్యక్రమం తయారుచేసే ఖర్చు నిర్వాహకులే స్పాన్సర్ల దగ్గర తెచ్చుకుని పెట్టుకోవాలి. తెరమీద వెలిగిపోతున్న ఆట తన వెలుగుకి తానే బిల్లు కట్టుకోవాల్సిన పరిస్థితి.

ఆ బిల్లు కట్టింది ఎవరు? ఒకవైపు టేబుళ్లు, క్యూలు అమ్మే కంపెనీలు. ఎనభైల చివర్లో పాల్ న్యూమన్, టామ్ క్రూజ్ నటించిన సినిమా పుణ్యమా అని పూల్ మళ్లీ మోజులోకి వచ్చి, ఇళ్లలో బేస్‌మెంట్లకి టేబుళ్లు కొన్నారు జనం. ఆ వ్యాపారం బాగున్నంతకాలం ప్రకటనలకి డబ్బుంది. ఇంకోవైపు కాసినోలు. 1988 చట్టం తర్వాత ఆదివాసీ తెగలు తమ నేలల మీద కాసినోలు విస్తరించుకున్నాయి. ఊళ్లకి దూరంగా ఉండే ఆ హోటళ్లకి వారాంతంలో గదులు నిండాలి, పేరు టీవీలో వినబడాలి. మిషిగన్‌లోని సోరింగ్ ఈగిల్‌లాంటి కాసినోలు హాలిచ్చి, బహుమతి డబ్బులోనూ కొంత తామే ఇచ్చేవి. ఇద్దరికీ ముఖ్యం టీవీలో కనబడటం. టీవీ ఉంటేనే వాళ్లు. వాళ్లుంటేనే టీవీ. ఒకటి జారితే రెండోది నిలవదు.

ఆడేవాళ్ల వైపు నుంచి చూద్దాం. ఈ అంకెలు నేను ఊహించి వేస్తున్నవి, లెక్క తీరు తెలియడానికి. అరవై నాలుగు మంది ఆడే టోర్నమెంట్. పన్నెండో స్థానంలో నిలిచిన ఆమెకి పదిహేను వందల డాలర్లు వచ్చాయనుకుందాం. ప్రవేశ రుసుము ఐదు వందలు, విమానం నాలుగు వందలు, ఐదు రాత్రుల గది ఆరు వందలు. తిండి సంగతి వదిలేసినా చేతికి మిగిలింది సున్నా. అరవై నాలుగులో పన్నెండు అంటే చిన్న స్థాయి కాదు, దేశంలో ఏ ఊళ్లోనైనా ఆమెని ఓడించే ఆడమనిషి దొరకడం కష్టం. టోర్నమెంట్లు ఏడాదికి ఆరున్నప్పుడు ఆమె ఏదో ఒకదానిలో నాలుగో స్థానానికి ఎగబాకి పోయింది రాబట్టుకోగలదు. ఒకటో రెండో మిగిలితే ఆ ఆశా ఉండదు. అందుకే టూర్ కుదించుకుపోతే ముందు దెబ్బ తగిలేది పైనున్న నలుగురికి కాదు, మధ్యలో ఉన్న నలభైమందికి. వాళ్లు ఉద్యోగాలు వెతుక్కుని వెళ్లిపోతారు. మధ్య మెట్టు విరిగాక కింద నుంచి కొత్తవాళ్లు ఎక్కేదెలా?

2003లో ఒక మామూలు అకౌంటెంట్ ప్రపంచ పోకర్ (ఒక రకం పేకాట) సిరీస్ గెలిచి ఇరవై ఐదు లక్షల డాలర్లు పట్టుకెళ్లాడు. ఈఎస్‌పీఎన్ లో అది మోగిపోయింది. పోకర్ కూడా ఒక బల్ల, కొన్ని కెమెరాలు. చిత్రీకరణ అంతే చవక, కానీ ప్రకటనలకి ఆన్‌లైన్ పోకర్ కంపెనీలు డబ్బు కుమ్మరించాయి. పూల్ కూర్చున్న కుర్చీలోనే పోకర్ వచ్చి కూర్చుంది. నా దృష్టిలో మహిళల పూల్‌కి మొదటి పెద్ద దెబ్బ ఇదే, 2008 కాదు. 2008 మాంద్యం వచ్చేసరికే టీవీలో పూల్ స్థానం సడలిపోయి ఉంది. మాంద్యంలో ఇళ్ల అమ్మకాలు పడిపోయాయి. కొత్త ఇల్లు కొననివాడు పూల్ టేబుల్ అసలే కొనడు. కాసినోలు కూడా ఖర్చులు బిగించాయి. మూడు కాళ్ల పీటకి ఒక కాలు ముందే వదులైంది, మిగతా రెండూ ఒకేసారి పోయాయి.

మగవాళ్లకీ ఈ కష్టాలు తప్పలేదు. కానీ వాళ్లకి పక్క దారులున్నాయి. ఊరూరా పూల్ హాళ్లలో వారాంతపు పోటీలు, పందెం కట్టి రాత్రంతా సాగే ఆటలు. ఇష్టపడినా పడకపోయినా ఎంతోమంది మగ ప్రొఫెషనళ్లు చెడ్డ సంవత్సరాలు దాటింది వాటి మీదే. అర్ధరాత్రి దాటాక తెలియని ఊళ్లో, తెలియని మగవాళ్ల మధ్య పందెం ఆడమని ఒక ఆడమనిషిని ఎవరడుగుతారు? అడిగినా ఆమె గెలిచి, ఆ డబ్బు జేబులో పెట్టుకుని పార్కింగ్ దాకా క్షేమంగా వెళ్లాలి కదా. మహిళల టూర్ కుదించుకుపోవడం ఆడవాళ్లకి ఉన్న ఒక్క దారీ మూతపడటమైంది.

ఈలోగా తూర్పున వేరే కథ నడిచింది. తైవాన్‌లో ఆమ్‌వే స్పాన్సర్‌గా మహిళల నైన్-బాల్ పోటీలు పెద్దఎత్తున జరిగాయి. 2009 తర్వాత చాలా ఏళ్లు ప్రపంచ మహిళల నైన్-బాల్ ఛాంపియన్‌షిప్‌కి చైనాయే వేదిక. లియు షాషా, హాన్ యు, చెన్ సిమింగ్ ఆ తరంలో పైకొచ్చినవాళ్లే. ఒకప్పుడు అమెరికా టూర్‌లో మెరిసిన కొరియా క్రీడాకారిణి కిమ్ గా-యంగ్, 2019లో కొరియాలోనే ప్రొఫెషనల్ మహిళల త్రీ-కుషన్ లీగ్ మొదలయ్యాక అటు వెళ్లి అక్కడా ఛాంపియన్ అయ్యారు. పాకెట్లే లేని టేబుల్ మీద ఆడే ఆట త్రీ-కుషన్. ఆట మార్చుకోవడానికి సిద్ధపడేంత తేడా ఉందన్నమాట ఇక్కడి బతుక్కీ అక్కడి బతుక్కీ. 2024 ప్రపంచ నైన్-బాల్ పోటీ న్యూజిలాండ్‌లోని హామిల్టన్‌లో జరిగితే ఫిలిప్పీన్స్‌కి చెందిన రుబిలెన్ అమిత్ గెలిచారు. అమెరికాలో పుట్టిన మహిళ ఆ టైటిల్ గెలవడం 1993లో లోరీ జాన్ జోన్స్‌తో ఆగింది. తర్వాత 2024 దాకా మరొకరు లేరు.

మరి అమెరికాలో పూల్ చచ్చిపోయిందా అంటే, ఏ మంగళవారం రాత్రైనా ఒక బార్‌లోకి వెళ్లి చూడండి. నేను వెళ్తాను. మా లీగ్ జట్టులో ఒక నర్సు ఉంది. షిఫ్టు దిగి, యూనిఫాం మీదే వస్తుంది, కారు డిక్కీలోంచి క్యూ తీసుకుంటుంది. నాణెం వేస్తే బంతులు దడదడ రాలే ఏడడుగుల టేబుల్, ఎయిట్-బాల్ ఆట. ఏపీఏ అనే ఈ ఔత్సాహిక లీగ్‌లో రెండున్నర లక్షలమంది దాకా సభ్యులున్నారు. రెండు నుంచి ఏడు దాకా నైపుణ్య స్థాయి ఇచ్చి, కొత్తవాళ్లకి వెసులుబాటు కల్పిస్తారు కాబట్టి ఎవరైనా ఎవరితోనైనా ఆడొచ్చు. వారం వారం రుసుము కడతారు, సొంత డబ్బుతో లాస్ వేగస్ పోటీలకి వెళ్తారు. ఆడవాళ్లు తక్కువేమీ కాదు. పూల్ కోసం జేబులోంచి డబ్బు తీసే జనం ఇక్కడే ఉన్నారు. కానీ ఆ డబ్బులో ప్రొఫెషనల్ మహిళలకి చేరేది లేదు. లీగ్ ఒక వ్యాపారం, టూర్ ఒక సంఘం. రెండింటి మధ్యా వంతెన లేదు. ఆటలూ వేరే: వీళ్లది ఏడడుగుల టేబుల్, వాళ్లది తొమ్మిది అడుగులది. తొమ్మిది అడుగుల టేబుల్ చుట్టూ క్యూ ఆడాలంటే పద్నాలుగడుగులకి పద్దెనిమిది అడుగుల జాగా కావాలి. పెద్ద ఊళ్ల అద్దెలకి ఆ జాగా దండగ అనిపించిన యజమానులు ఒక్కొక్కరే హాళ్లు మూసేశారు. నర్సమ్మకి తెలిసిన ప్రొఫెషనల్ పేరు ఒక్కటే, బ్లాక్ విడో. ఆ పేరు కూడా చిన్నప్పుడు వాళ్ల నాన్న టీవీ చూస్తుంటే విన్నదట.

జెనెట్ లీకి 2021లో నాలుగో దశ అండాశయ క్యాన్సర్ అని తేలింది. ముగ్గురు కూతుళ్ల తల్లి. మరుసటి ఏడాది ఈఎస్‌పీఎన్ ఆమె మీద ఒక డాక్యుమెంటరీ వేసింది. ఆమెతో ఆడిన తరం గురించి కొత్తవాళ్లకి తెలియడానికి ఆ గంటసేపే పెద్ద అవకాశమైంది. ఒక తరం ముఖం ఇంకా గుర్తుంది, తర్వాతి తరం ముఖమే ఎవరూ చూడలేదు.

డబ్ల్యూపీబీఏ మూతపడలేదు. మిన్నెసోటాలోని వాకర్‌లో నార్తర్న్ లైట్స్ కాసినోలాంటి చోట్ల, మధ్యలో మామూలు పూల్ హాళ్లలో టోర్నమెంట్లు పెడుతూ, ఇంటర్నెట్‌లో చూపిస్తూ నెట్టుకొస్తోంది. ప్రెడేటర్ అనే క్యూ కంపెనీ 2021 నుంచి ఒకే ఊళ్లో ఒకే వారంలో మగవాళ్ల పోటీ, ఆడవాళ్ల పోటీ పక్కపక్కనే నడిపిస్తోంది. 1993లో విడిపోవడం సరైన పనే. ఇప్పుడు వేదిక పంచుకోవడమూ సరైన పనే అనుకుంటాను, ఎందుకంటే హాలు, కెమెరాలు, రిఫరీల ఖర్చు సగమవుతుంది. అయినా అక్కడా డబ్బు క్యూలు అమ్మే కంపెనీదే. పాత పీట కాళ్లలో ఒకటి కాస్త గట్టిపడింది, అంతే. లీగ్‌లో ఆడే లక్షలమంది నెలకి ఒక కాఫీ ఖరీదు ఈ టూర్‌కి కట్టే మార్గం ఎవరైనా వేస్తే లెక్క మారుతుంది. ఆ మార్గం ఇంకా ఎవరూ వేయలేదు.

పోయిన నెల ఒక రాత్రి మా మ్యాచ్ అయిపోయాక, నర్సుకి నా ఫోన్‌లో ఒక మహిళల మ్యాచ్ పెట్టి చూపించాను. ఆడుతున్నావిడ బంతి వేసింది, తెల్లబంతి మూడు గోడలు తాకి తిరిగొచ్చి, రెండు బంతుల మధ్య సందులోంచి జారి, తర్వాతి బంతికి సూటిగా వచ్చి ఆగింది. మా నర్సు మాట్లాడలేదు. వేలితో వెనక్కి జరిపి మళ్లీ చూసింది. మూడోసారి చూసి, ఫోన్ నాకిచ్చేసి, జేబులో నాణేలు వెతుక్కుంటూ టేబుల్ దగ్గరికెళ్లింది. ఆ షాట్ ఒంటిగంట దాకా ప్రయత్నించింది.